నిద్రల లేచిన చెయ్యి

మా ఆయన సోమయ్య నన్ను మొట్టమొదాలు కొట్టింది వానకాలంల, తెల్లారుజామున. అరవై తొమ్మిది తెలంగాణ గడబిడ అయిపోయి అప్పటికి అయిదారేండ్లయింది. నేనింక లేవనే లేదు, దబ్బున చెంప మీద పిడిగుద్దు పడ్డది. "ఇడువు, దొంగ నా కొడుకా!" అని ఒర్రిండు. "ఏమయ్యా, నీకేం పాడైంది?" అని గుంజి లేపిన. కండ్లు నలుసుకుంట చూసిండు. "ఎవడో లాఠీ పట్టుకొని మీదికొచ్చిండే. ఇడిపించుకున్న" అన్నడు. నా చెంప చూసి మొఖం తెల్లవోయింది. నేనైతే నవ్విన. నీ కలల పోలీసోన్ని నేనేనా అని ఎకసెక్కమాడిన.

మా ఆయన మానుకోట గల్లా మార్కెట్ల, గింజలమ్మేకాడ, దడువాయి. బస్తా కాంటా మీదికెక్కితే ఎంత తూగిందో గట్టిగ చెప్పుడు, చీటీ రాసుడు ఆయన పని. గొంతు మార్కెటంత ఇనవడేది. గొంతే పెద్దది గని మనిషి మెత్తన. పిల్లలను సుత ఏలుతోని ముట్టినోడు కాదు. గడబిడల మార్కెట్ బందు పెట్టించేకాడ ఆయన భుజమ్మీద లాఠీ దెబ్బ పడ్డది. గందుకే నిద్రల ఒర్రుతాంటె అందరం ఒక్కటే అనుకున్నం, అప్పుడు దడుసుకున్నడు, గదే బయటికొస్తున్నదని. మా అత్త తాయెత్తు కట్టిచ్చింది. దడుపుకు ఇనుము మంచిదని తలగడ కింద కొడవలి పెట్టింది! నిద్రల చేతులిసిరేటోని తలకాడ కొడవలి. మాకు బుద్ధి లేకపాయె. పాపం ఆయననే దాన్ని తీసి చూరుల చెక్కిండు. "నిద్రల చేతికందితే ఎట్లనే?" అన్నడు.

ఏడాది తిరిగేసరికి వారానికి రెండు మూడు సార్లు అయ్యింది. ఎప్పుడైనా తెల్లారుజామునే. తన్నుడు, గుద్దుడు, ఒక్కోపారి మంచమ్మీదికెల్లి దుంకి పడుడు. లేపితే మంచిగ లేస్తడు, కల మొత్తం చెప్తడు.

ఆ ఏడు బతుకమ్మకు నన్ను తల్లిగారింటికి జల్ది తోలలేదు. మక్కలొచ్చే దినాలు, మార్కెట్ల పని ఎక్కువున్నదన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. నాలుగు రోజులు మాట్లాడలే, అన్నం పెట్టి గిన్నె ఠపీమని కింద పెట్టేదాన్ని. గా నాలుగో తెల్లారే కంటి మీద గుద్దిండు. ఎడమ కన్ను వాసి మూసుకపోయింది. ఈసారి నాకు నవ్వు రాలే. నిద్రలనే కొట్టిండా, నా మీద కోపంతోని కొట్టి నిద్ర అంటుండా? గా అనుమానం నా కడుపుల పడ్డది.

కమిలిన కన్నుతోనే నర్సింహులపేట దిక్కు మా తల్లిగారి ఊరికి పోయిన. సద్దుల బతుకమ్మ నాడు కొంగు ఎంత ముందటికి గుంజుకున్నా ఆడోళ్లు చూడనే చూసిండ్రు. నన్ను కన్న మా అవ్వ ఏడ్వబట్టింది. మా పెద్దన్న వెంకన్న "ఎవరు కొట్టిండ్రు చెల్లె?" అని అడిగిండు. నేను తల వంచుకున్న. అన్నకు గంతే సాలు. మూడో నాడు ఇద్దరు పెద్దమనుషులను ఎంటేసుకొని మానుకోటకొచ్చి పంచాయితి పెట్టిండు.

"బావా, చెల్లె కన్ను చూసినవా?" అన్నడు అన్న.

"చూసిన బావా. నాకు ఎరుకలేదు. నిద్రల అయితున్నది."

అందరు నవ్విండ్రు. "నిద్రల కొట్టేటోనికి పెండ్లామే దొరుకుతదా? గోడ దొరకదా?" అన్నడొక పెద్దమనిషి. ఇంకో పెద్దమనిషి నా దిక్కు మర్రిండు. "నువ్వు చెప్పు బిడ్డా. కొట్టిండా, లేదా?"

"కొట్టిండు" అన్న.

నిద్రల అనే మాట నా నాలుక మీదికొచ్చింది. నా కోపం దాన్ని బయటికి రానియ్యలే. ఆయన నా మొఖం దిక్కు ఒక్కపారి చూసిండు. తువాల తీసి పెద్దమనుషుల ముందట పరిచి తప్పైందని మొక్కుమన్నరు, మొక్కిండు. మల్ల కొట్టనని కాయితం మీద సంతకం పెట్టుమన్నరు, పెట్టిండు.

ఆనాటి సంది ఆయన నా పక్కన పండలే. వసారల కింద చాప ఏసుకొని, కుడిచెయ్యిని తువాలతోని గుంజకు కట్టుకొని పండేటోడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. "ఎందుకయ్యా గీ కట్టుకునుడు?" అంటె, "కాయితం రాసిచ్చిన గదనే" అన్నడు. ఓ పొద్దు అన్నం తినుకుంట మెల్లగ అన్నడు, "యాకమ్మా, నా లోపట ఏదో చెడ్డబుద్ధి ఉన్నదేమో. మెలుకువల దాసుకుంటున్న, నిద్రల బయటపడుతున్నది." గా మాట ఇన్ననాడు సుత నేను నోరు తెరువలే. గిప్పుడు తలుసుకుంటె నా మీద నాకే అసయ్యమైతది.

తర్వాత ఒక్కొక్కటి మొదలైంది. పొయ్యి మీద కూర మాడుతున్నా పక్కన కూసున్న మనిషికి వాసన తెల్వకపాయె. చీటీల అక్షరాలు చిన్నగైనయి. "దడువాయన్నా, గివి అక్షరాలా, చీమలా?" అని రైతులు నవ్వేటోళ్లు. గొంతు తగ్గింది. కూసున్నప్పుడు కుడిచేతి బొటనేలు, చూపుడేలు ఒకదాన్నొకటి రుద్దుకునేటియి. కాళ్లు ఈడ్సబట్టిండు. ఎనభైలు మొదలైనంక వరంగల్ పెద్ద దవాఖానకు తీస్కపోయినం. రక్తం టెస్టులు, ఎక్స్‌రే అన్ని నార్మల్ అన్నరు. డాక్టర్ సారు ఆయనను నడిపిచ్చి చూసిండు, మోచెయ్యి మడిచి చూసిండు. "పార్కిన్సన్స్ డిసీజ్. బ్రెయిన్ల డోపమైన్ తక్కువైతది. క్యూర్ లేదమ్మా, మందులతోని కంట్రోల్ చేద్దాం" అన్నడు.

"సారూ, నిద్రల..." అని నేను అనబోయిన. మా ఆయన నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. "గది చెప్పకు, పరువు పోతది" అని గుసగుసలాడిండు. మల్లొకసారి నోరు మూసుకున్న. చెప్తె ఆ కాలంల ఆ సారుకైనా ఎరుకుండునో లేదో.

లెవోడోపా గోలీలతోని రెండు మూడేండ్లు మంచిగనే ఉన్నడు. తర్వాత గోలీ పనిచేసినంత సేపు ఒళ్లు మెలికలు తిరిగేది, పని తగ్గంగనే కట్టెలెక్క బిగుసుకపోయేటోడు. రెండుసార్లు పడి తుంటి దెబ్బ తిన్నది. పొద్దంత ఆయన మాట ఇనాల్నంటె చెవి నోటికాడ పెట్టాలె. కని తెల్లారుజామున వసారలకెల్లి పాత గొంతు మోగేది, "డెబ్బై అయిదు! ఎత్తు, ఎత్తు!" అని. పోయి చూస్తె కట్టు ఊడదీసుకొని చేతులు రెండు మీదికి లేపుతుండె, వణుకన్న మాట లేదు. అప్పుడు నేను లేపకపోయేదాన్ని. ఆ జరసేపన్న దడువాయిగ ఉండనీ అని గడప మీద కూసునేదాన్ని.

ఆఖరికి నిమోనియా వచ్చింది. పానం పోయేదానికి వారం ముందుగాల నన్ను పక్కన కూసోమన్నడు. "నిన్నెప్పుడన్న మెలుకువతోని కొట్టిన్నా?" అని అడిగిండు.

"లేదయ్యా" అన్న. కని గా మాట అననీకె నాకు జరసేపు పట్టింది. ఆ జరసేపు ఆయన చూసిండు. "మంచిది తియ్యి" అని గోడ దిక్కు మర్రిండు.

చానా ఏండ్లకు మా మరిది అయిలయ్యకు చెయ్యి వణుకబట్టింది. నా యారాలు, అంటె మరిది భార్య, ఒక్కతే పోనీకె భయపడితే నేను తోడు పోయిన. న్యూరాలజీల ఒక పడుసు డాక్టరమ్మ నా యారాలును అడిగింది, "వణుకుడు కంటె ముందు, నిద్రల ఒర్రుడు, తన్నుడు, కొట్టుడు ఏమన్న ఉండెనా?"

"అదెందుకు అడుగుతున్నవు బిడ్డా?" అన్న.

"కల వచ్చినప్పుడు ఒళ్లు కదలకుంట బ్రెయిన్ లాక్ ఏసి పెడతదవ్వా. గా లాక్ చెడిపోతే కలల చేసేది చేతులు చేస్తయి. ఆర్‌ఈఎం స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటరు. అట్లున్నోళ్లల్ల చానామందికి, ఏండ్లు గడిచినంక పార్కిన్సన్స్ లాంటియి వస్తయి."

"కొట్టేటోనికి ఎరుకుంటదా?"

"ఉండదవ్వా. పక్కన ఎవరుంటె వాళ్లకు తగులతది. కొట్టేటోళ్లది కోపం కాదు, జబ్బు."

ఆడనే కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చిన. నా యారాలు నేను అయిలయ్య కోసం ఏడుస్తున్ననుకొని నన్ను ఓదార్చింది.

గిప్పుడు నాకు ఎనభై దాటినయి. అయిలయ్య గోలీలేసుకుంటున్నడు, నిద్రకు సుత మందిచ్చిండ్రు. వాళ్లు మంచాలు ఏరేరుగ ఏసుకున్నరు, మనసులు మాత్రం ఏరు కాలే. అది చూస్తె నాకు సంబురమైతది, వెంటనే వసారల చాప, గుంజకు కట్టిన తువాల యాదికొస్తయి. మా అన్న పోయిండు, ఆ పెద్దమనుషులు పోయిండ్రు. కోపం కాదు, జబ్బు అనే మాట ఇనాల్సిన మనిషి అందరికంటె ముందు పోయిండు.

ఇది చదివేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్ల ఎవరన్న నిద్రల ఒర్రి చేతులిసిరితే పంచాయితికి గాదు, నరాల డాక్టర్ కాడికి తీస్కపోండ్రి. ఆయన అడగకున్నా నిద్ర సంగతి మొత్తం చెప్పుండ్రి. నలుగురు కూసొని కొట్టిండా అని అడిగితే, నిద్రల కొట్టిండు అని రెండు మాటలు చెప్పుండ్రి. నేను ఒక్కటే చెప్పిన.