ఈరమ్మ కట్టిన కట్టు

ఈరమ్మది జనగామ దగ్గరి పల్లె. భర్త పోయాక లాలాగూడలో ఒక గది అద్దెకు తీసుకుని, తార్నాక మీదుగా నడిచి విశ్వవిద్యాలయానికి వచ్చేది. జంతుశాస్త్ర విభాగంలో గాజు సామగ్రి కడగడం, కప్పల తొట్టెల్లో నీళ్లు మార్చడం ఆమె పని. పదకొండేళ్లు తాత్కాలికంగానే చేసింది. 1968 మార్చిలో ఆమె పేరు పర్మినెంటు జాబితాకెక్కింది. ఏప్రిల్ 22న వైద్యపరీక్ష. అందులో నెగ్గితేనే ఉత్తర్వు.

అప్పటికే ఆమె ఎడమ కాలు వాచి ఉంది. చీర కుచ్చెళ్లు కిందికి దించి దాచుకునేది. నేను అక్కడ డిమాన్‌స్ట్రేటరును. ఒకనాడు, కాలికి ఈ నీరు ఎక్కడినుంచి వస్తుందని నన్ను అడిగింది. నల్లబల్ల మీద బొమ్మ వేశాను. రక్తం సన్నని కేశనాళికల్లో సాగేటప్పుడు కొంత ద్రవం వాటి గోడల గుండా బయటికి ఊరుతుందనీ, కణాలకు ఆహారం అందేది దానివల్లేననీ చెప్పాను. అంతలో గంట కొట్టారు. మిగతాది రేపు చెబుతానన్నాను. మర్నాటినుంచి ప్రాక్టికల్ పరీక్షలు, చెప్పలేదు.

ఆ మిగతాది ఆమె తనకు తెలిసినదానితో పూరించుకుంది. వాళ్ల ఊళ్లో తేలు కుడితే విషం ఎక్కకుండా పైన పేలిక బిగించి కడతారు. నీరు పైనుంచి దిగుతున్నదైతే దానికీ అదే ఉపాయమనుకుంది. మోకాలి కింద పేలిక బిగించి, మూడు వారాలు రాతి సింకు ముందు నిలబడింది.

ఏప్రిల్ 16న చలిజ్వరంతో కూలబడింది. పేలిక విప్పాను. దాని కింద కాలు నున్నగా మెరుస్తోంది. వేలితో నొక్కినచోట పడిన గుంట నిమిషానికి గాని పూడలేదు.

అప్పుడు చెప్పాను, మిగిలిన సగం. కణాల మధ్య నిలిచిపోయే ద్రవాన్ని శోషరస నాళాలు పైకి తీసుకుపోయి మెడ దగ్గర సిరల్లో కలుపుతాయి. రోజుకు రెండు మూడు లీటర్లు. కప్పకైతే దాన్ని నెట్టడానికి ప్రత్యేకంగా చిన్న హృదయాలున్నాయి. మనిషికి అవి లేవు. కాలు కదిలి కండరాలు నొక్కితేనే అది సరిగా సాగుతుంది. ఆ కట్టు ఆపింది దిగే నీటిని కాదు, తిరిగిపోయే నీటిని.

ఆమె తొట్టె వైపు చూసింది.

"కప్పనే నయమున్నది గద మేడం, నాకంటె." మళ్లీ తనే అంది: "గీ మాట గాపొద్దే చెప్తే కట్టకపోదును."

"తప్పు నాదే, ఈరమ్మా."

"తప్పెవలదైతేంది మేడం, కాలైతే నాది."

22న పరీక్ష చేసిన వైద్యుడు బోదకాలు తొలిదశ అన్నాడు. ప్రస్తుతానికి అనర్హురాలనీ, ఆరు నెలల తర్వాత మళ్లీ రమ్మనీ రాశాడు. జరిగినదంతా నేను శాఖాధిపతికి రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన చదివి, ఫైలులో పెట్టించారు. ఈరమ్మకు ఒక స్టూలు ఇప్పించాను. కూర్చునే కడిగేది, ఒక్కో ట్రే అయ్యాక వరండా ఆ చివరిదాకా నడిచి వచ్చేది.

అక్టోబరు నాటికి పిక్క చుట్టుకొలత రెండంగుళాలు తగ్గింది. వైద్యుడు అర్హురాలేనని రాసిచ్చాడు. ఆ పర్మినెంటు ఉద్యోగంలో జూలైలోనే మరొకరిని వేశారు.