వీపు వెనక ఇనుప రేకు

మావ పోయాడన్న మాట పలాస స్టేషన్లో, గూడ్సు షెడ్డు దగ్గర విన్నాను. వీపు మీద బస్తా ఉంది. బారువ నుంచి ఎండుచేపల గంపతో వచ్చిన మా వీధి అత్త గంప దించకుండానే చెప్పింది.

"ఓరే, నీ మావ నేడురా. నిన్న పడవ తిరగబడిపోనాది. ముగ్గురు ఒడ్డుకొచ్చినారు. ఆడు రానేదు."

బస్తా ఎప్పుడు దించానో తెలియదు. మేస్త్రీ తిట్టాడు. తిరిగి తిట్టాను. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఈ ముక్కలు కూడా లేస్తూ, తిరుగుతూ, మళ్లీ వచ్చి రాస్తున్నవే. చేత్తో రాసి చేతులు మార్చుకునే మన లిఖిత పత్రిక చదివేవాళ్లు నాలాంటి కూలీలే కనక ఏదీ దాచను.

మావ మా అమ్మ తమ్ముడు. బారువలో తండేలు, అంటే పడవ నడిపే పెద్ద. జపాను వాళ్లు రంగూను మీద పడ్డప్పుడు అక్కడే ఉన్నాడు. విమానాలు దిగే మైదానంలో బాంబు గోతులు పూడ్చే కూలి. అడవులు దాటి నడిచి ఇల్లు చేరేసరికి కుడికాలు సగం చచ్చింది. ఎవరైనా అడిగితే "సెప్పులు నేవు గదా, కాలే అరిగిపోనాది" అని నవ్వేవాడు.

నాకు బడి లేదు. గూడ్సు పెట్టెల మీది రాతలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. తరవాత టీ దుకాణంలో పాత పేపర్లు. వాటిలో నేను వెతికేది జపాను విమానాల కబుర్లే. తెల్లవాడి విమానాల చుట్టూ గిరగిరా తిరిగి కూలుస్తున్నాయంటే ఒళ్లు పొంగేది. మనల్ని కుక్కల్లా చూసేవాడిని ఆకాశంలో ఎవడో తంతున్నాడు, చాలదా? విశాఖ రేవు మీద వాళ్లే బాంబులు వేసినా నా బుద్ధి మారలేదు.

సెలవుకి వెళ్లినప్పుడల్లా, వల కుట్టుకుంటున్న మావ పక్కన చేరి అదే ప్రశ్న.

"సెప్పు మావా, ఎవుడి ఇమానం గొప్ప?"

"మెలి తిరగడానికైతే జపానోడిదేరా. సేప తిరిగినట్టు తిరుగుద్ది. ఇంగ్లీషోడిది పీపాకి రెక్కలెట్టినట్టుండీది. అది తిరిగీలోగా ఈడు దాని తోక కాడుండీవోడు."

"మరి అమెరికావోడిది?"

"ఆటి మూతికి సొరసేప పళ్లు బొమ్మేసీవోరు. ఏసినోడెవుడో గాని సొరని సూసిన మొకం కాదు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. మావ సూది మాత్రం ఆగేది కాదు. "అది బరువురా. తిరగనేదు. అందుకే ఆళ్లు తిరిగీవోరే కాదు. బాగా పైకెల్లి, మీదకి దూకి, ఒక్క దెబ్బ కొట్టి కిందకి పోయీవోరు. ఆ దూకుడికి జపానోడు అందనేడు."

ఒకసారి కూలిన జపాను విమానాన్ని పొలంలోంచి లాగడానికి మావ ముఠాని పంపారట. రెక్క ముక్క ఎత్తితే కొబ్బరిమట్టలా లేచిందట. మనిషి కూర్చునే చోటు వెనక తడిమి చూశాడు. ఏమీ లేదు. అమెరికా విమానంలో అక్కడ దళసరి ఇనుప రేకు ఉంటుంది. పాడైన విమానంలోంచి ఊడదీసిన రేకుని మావా, ఇంకొకడూ కలిసి మోశారు. వాళ్ల పెట్రోలు తొట్టికి మందంగా రబ్బరు, తూటా పడితే కన్నం దానంతటదే పూడుకునేది. జపాను వాడిది ఉత్త రేకు తొట్టి. అంటుకునేది.

"సొర పళ్లోడు జల్లెడైపోయి దిగీవోడు. దిగి సిగరెట్టు ముట్టించీవోడు. జపానోడు పైనే కాలిపోయీవోడు." అప్పుడు నా వైపు చూసేవాడు. "ఆ పొలంలో ఇమానంలోంచి మేం లాగినోడికి నీ ఈడేరా. మీసం కూడా సరిగ్గా నేదు."

"అంత తేలిక ఎందుకు సేసినారు మరి?"

"బేగి తిరగాలని. ఏటి తీసేత్తే తేలికవుద్దా అని సూసి, మనిసి ఈపెనకాల రేకు తీసినారు. ఇమానం మళ్లీ సేత్తారు. తిప్పడం తెలిసినోడిని ఎక్కడ తెత్తారు?"

ఆ మాట నాకు నచ్చేది కాదు. ముసలి పిరికితనం అనుకునేవాణ్ని.

మావ పడవ వెనక ఎండు దుంగ ఒకటి కట్టి ఉండేది. పడవ తిరగబడితే పట్టుకోవడానికి. ఊళ్లో మరే పడవకీ అలాంటిది లేదు. దాని బరువుకి మావ పడవ ఎప్పుడూ ఆఖరునే ఒడ్డుకొచ్చేది. అప్పటికి షావుకారి గంపలు నిండిపోయేవి. మిగిలిన చేపకి ఉప్పే గతి. "ఏటి తండేలా, కట్టెల మోపుతో ఏటకెల్తన్నావేటి?" అని ఒడ్డున ఏడిపించేవారు. ఆయన పట్టించుకోడు. పడవ తోసే ముందు తనతో వేటకొచ్చే ముగ్గురి వీపుల మీదా అరచేత్తో ఒక్కొక్క దెబ్బ వేసేవాడు. నన్ను బండి ఎక్కించేటప్పుడు నాకూ వేసేవాడు.

కిందటి సెలవులో ఆ ముగ్గురి ముందే అన్నాను. "దుంగ ఇప్పీ మావా. తేలికున్నోడే ముందుంతాడు. రంగూను నుంచి బయ్యపడి పారొచ్చినోడివి. ఆ బయ్యాన్నే పడవకి కట్టీసినావు."

మావ సూదిని వలలో గుచ్చి, లేచి, కాలీడ్చుకుంటూ లోపలికి పోయాడు.

మర్నాడు బండి దగ్గరికి వచ్చాడు. వీపు మీద దెబ్బ వేశాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు.

ఆ తరవాతి సంగతి ముగ్గురూ చెప్పారు. మావ చనిపోయిన రోజు పొద్దున్న తనే దుంగ విప్పాడట. "అల్లుడు అంతలా సెప్పినాడు గదా, ఒక్క పూట సూద్దారి" అన్నాడట. నిజంగానే ఆ రోజు మావ పడవే ముందు. ఒడ్డు దగ్గర పెద్ద కెరటం అడ్డంగా కొట్టింది. ముగ్గురూ ఈదారు. మావ కాలు ఈదనివ్వలేదు. ముందున్నాడు కనక చేయి అందించేందుకు దగ్గర్లో మరో పడవ లేదు.

ఆ దుంగ ఎవరికోసమో అప్పుడు నాకు తట్టలేదు. మా అందరిలో ఈదలేనివాడు ఆయనొక్కడే.

ఇప్పుడు పేపర్లలో అమెరికా కొత్త విమానాలు జపాను వాటిని రాల్చేస్తున్నాయని రాస్తున్నారు. మావ మాటే నిజమైంది. నాకేం సంతోషం? పొలంలో కూలిన ఆ మీసం రాని కుర్రాడి సంగతి మాత్రం ఏ పేపరూ రాయదు. ఇక్కడ షెడ్డులో మొన్నటిదాకా ఇద్దరం ఎత్తిన బస్తాని ఇప్పుడు ఒక్కడి మీద వేస్తున్నారు, పని బేగి అవుతుందని. మేస్త్రీ ఆ మాట అన్నప్పుడల్లా నా చెయ్యి వీపు వెనక్కి పోతుంది, రేకు ఉందా అని. మీరు కూడా ఒకసారి వెనక తడిమి చూసుకోండి. అది నాకు నేర్పినవాడు మావ. నేర్చుకునేలోగా ఆయన్నే పోగొట్టుకున్నాను.

నిన్న బారువ వెళ్లాను. దుంగ ఇసక మీద, వలల పక్కన ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. విప్పిన కొబ్బరితాడుని మావ దానికే వరసగా చుట్టి, కొస పైకి వచ్చేలా ముడి వదులుగా వేసి పెట్టాడు, మర్నాడు మళ్లీ కట్టుకోవడానికి.