సంస్కృతంలో శాపం, తెలుగులో తిట్టు

కోర్టు అర్జీలు రాసే పని మీద బందరు నుంచి అమలాపురం వెళ్తూ ఒకసారి పడవలో వశిష్ఠ గోదావరి దాటాను. పడవ నడిపేది నూకాలు అనే బెస్త ఆవిడ. నా పక్కన మడిబట్టతో ఒక వేదపండితుడు, అవధానిగారు కూర్చున్నారు. నడి గోదావరిలో తెడ్డు నీళ్లు నాలుగు చుక్కలు ఆయన మీద చిందాయి. ఆయన లేచి నిలబడి సంస్కృతంలో శపించారు. నూకాలు తెలుగులో తిట్టింది.

నా కలం, కాగితాలు చూసి ఆయన, "దీన్ని జైల్లో పెట్టించాలండి. అర్జీ రాయండి," అన్నారు.

"ఆవిడ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి."

"శివశివా, అవి నా నోట పలకనండి."

"నేను చెప్తానండి, రాసుకోండి," అంది నూకాలు. తెడ్డు ఆపి నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పింది.

ఆయన కళ్లు మూసుకుని విని, "మధ్యలో ఒకటి వదిలేసింది," అన్నారు.

"ఆయ్, ఆయనగారన్నవీ రాయండి బాబూ," అంది నూకాలు. "ముగ్గురు పిల్లలున్నారండి. వాళ్లకేం మూడుతుందో."

"నాది తిట్టు కాదు, శాపం. శాపానికి చట్టంలో శిక్ష లేదు," అన్నారాయన దర్జాగా.

నిజమే. నోటితో తిట్టినవాళ్లకు జైలు, దేవుడి చేత చంపించబోయినవాళ్లకు దక్షిణ.

"కానీ మునసబుగారు అడిగితే మీ శాపం తెలుగులో చెప్పాలండి," అన్నాను.

ఆయన రేవు రాగానే కాగితం అడగకుండా దిగి వెళ్లిపోయారు.

"ఇంతకీ ఆ శాపానికి అర్థం ఏంటండీ?" అంది నూకాలు.

"నీ వంశం నాశనమైపోవాలని, నువ్వు కుక్కవై పుట్టాలని."

ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అంతేనాండీ? మా అత్తగారు రోజూ అనేదేనండి."