లైల్ ప్రీబె రాని దారి

అమెరికాలోని విస్కాన్సిన్‌లో చలి ముదిరి రోడ్లమీద మంచు పడకముందే పాత మోటారు సైకిళ్ళ వాళ్ళంతా ఆ ఏడాదికి చివరిసారిగా డోరీన్ నడిపే బారు దగ్గర కలుస్తారు. ఎవరి ఊరి నుంచి వాళ్ళు, ఎవరికి నచ్చిన దారిన వాళ్ళు, బండి మీదే రావాలి. వచ్చి వేయించిన చేప తిని, ఏ దారిన వచ్చారో, ఏ మలుపులో జారబోయి ఎలా నిలదొక్కుకున్నారో గొప్పలు చెప్పుకోవాలి. మర్నాటి నుంచి బళ్ళకు దుప్పట్లు కప్పేస్తారు. ఆ గొప్పల్లో లైల్ ప్రీబెను మించినవాడు లేడు. అతను మాత్రం అక్కడికి వ్యానులో వచ్చేవాడు.

అవును, వ్యానులోనే. ఇళ్ళను వెచ్చబెట్టే హీటర్లు బాగుచేయడం లైల్ వృత్తి. ఆ పని మీద తిరిగే తెల్ల వ్యాను వెనక భాగంలో తన 1975 కవాసాకిని తాళ్ళతో బిగించి, పెద్ద రోడ్డున హాయిగా పాటలు వింటూ వచ్చి, ఊరి మొదట్లో మూతపడ్డ దాణా మిల్లు వెనక దింపుకునేవాడు. వ్యాను అద్దం మీద చచ్చిన పురుగుల్ని గోటితో గీకి బండి హెడ్‌లైటుకు అతికించేవాడు. చక్రాల మీద కాస్త బురద చల్లేవాడు. ఆ తర్వాత ఒక్క మలుపు తిరిగి, నాలుగు సిలిండర్లూ ఊరంతా వినపడేలా గర్జిస్తుంటే బారు ముందు దర్జాగా దిగేవాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి పురుగులు అతికించుకోవడమేమిటి, సిగ్గులేకపోతే సరి! సిగ్గు లేక కాదు. అతికించేటప్పుడు ప్రతిసారీ ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకునేవాడు.

బండి తయారుచేయడంలో మాత్రం అతనిది దొంగపేరు కాదు. తుక్కులో దొరికిన దాన్ని తెచ్చి, సిలిండర్లు వెడల్పు చేయించి, పెద్ద పిస్టన్లు వేసి, గాలి పీల్చే దారుల్ని స్వయంగా అరగదీసి నునుపు చేసి, నాలుగు పొగ గొట్టాల్నీ ఒక్క నల్ల గొట్టంలో కలిపాడు. కంపెనీ నుంచి వచ్చిన నాటికంటే దాని బలం ఎంతో పెరిగింది. చట్రం మాత్రం పాతదే, ఆ బలానికి తట్టుకోలేనిది. అదే అతని కొంప ముంచింది. ఒక వేసవిలో మిసిసిపీ నది పక్క రోడ్డున పల్లంలోకి దిగుతుంటే హ్యాండిల్ వణకడం మొదలైంది. చేతుల్లో మొదలైన వణుకు బండంతా పాకింది. బండి రోడ్డు మధ్య పసుపు గీత దాటి ఎదుటివాళ్ళ దారిలోకి పోయింది. అదృష్టం కొద్దీ ఎదురుగా ఎవరూ రాలేదు. వేగం తగ్గాక దానంతట అదే సర్దుకుంది.

లైల్ పక్కకు ఆపి గడ్డిలో కూలబడ్డాడు. పడలేదు, దెబ్బ తగల్లేదు, చూసినవాడు లేడు. ఎముక విరిగి ఉంటే చెప్పుకోవడానికైనా ఉండేది. ఏమీ జరగనిదానికి భయపడ్డానని ఎవరితో చెప్పాలి? తర్వాత స్నేహితుడు ఆర్విడ్ ఇంటి గరాజులో చట్రానికి అదనపు కడ్డీలు వెల్డింగ్ చేయించాడు. బండి బాగుపడింది, అతనికి బెదురు తీరలేదు. వీధి చివరిదాకా పోయి వెనక్కి తిప్పుకొచ్చేవాడు, అంతే. ఆ ఏడు బారులో ఎవరో "ఏ దారిన వచ్చావ్?" అంటే "నది పక్క నుంచి" అనేశాడు. ఆ ఒక్క మాటను కాపాడుకోవడానికి ఏళ్ళ తరబడి వ్యాను నడిపాడు.

ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మినవాడు ఆర్విడ్ నెస్. పాల ట్యాంకర్ నడిపి రిటైరైన ముసలాయన, తుంటికి ఇనుప కీలు వేయించుకున్నాడు. అయినా పాత సుజుకీ వదల్లేదు. "మా లైల్ గాడు ఆ నది రోడ్డును నమిలి మింగేస్తాడ్రా, మీరు కార్లలో కూర్చోడానికి తప్ప పనికిరారు" అని కుర్రాళ్ళను దెప్పుతుండేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా లైల్‌కు నోట్లోని చేప గొంతు దిగేది కాదు.

ఈసారి కలిసే ఆదివారం పొద్దున్నే ముసురు పట్టింది. లైల్ దాణా మిల్లు చేరేసరికి వానలో మంచు రవ్వలు కలిశాయి. ఆ కొంచెం దూరమైనా తడి రోడ్డు మీద నడపడానికి అతనికి గుండె చాల్లేదు. వ్యానులో హీటరు పెట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, వాన వెలిసేదాకా కూర్చుందామనుకున్నాడు. ఆ ఊరున్న లోయలో ఫోన్లు పనిచేయవు. అదీ మంచికే అనుకున్నాడు.

కాసేపటికి మిల్లు ముందు నుంచి ఒక బండి వెళ్ళిన చప్పుడైంది. ఆర్విడ్ సుజుకీ. ఆ ఇంజను చప్పుడు అతను నిద్రలోనైనా పోల్చుకోగలడు. ముసలోడు చలికి తట్టుకోలేక ఇంటికి చెక్కేస్తున్నాడు కాబోలు అనుకున్నాడు. అబద్ధం చెప్పాల్సిన ముఖాల్లో ఒకటి తగ్గిందని లోలోపల కాస్త సంతోషించాడు కూడా. కాఫీ మరో కప్పు పోసుకున్నాడు.

చాలాసేపటికి వాన వెలిసింది. బండి దింపి, మలుపు తిరిగి బారు ముందుకు వచ్చాడో లేదో లోపలున్నవాళ్ళంతా బయటికి పరుగెత్తుకొచ్చారు. డోరీన్ అతన్ని గట్టిగా వాటేసుకుంది.

"బతికే ఉన్నావా నాయనా! ఎక్కడ పడిపోయావోనని చచ్చిపోయాం ఇక్కడ. ఆర్విడ్ కనిపించాడా?"

"ఆర్విడా? లేదే."

"నీకోసమే పోయాడయ్యా! నది రోడ్డులోనే వస్తావు కదా నువ్వు. వద్దు, రోడ్డు గాజులా ఉందంటే వింటేనా? 'లైల్ గాడు ఏ గుంటలోనో కాలు విరిగి పడుంటాడు, నేను పోకపోతే ఎవరు పోతారు' అని చేతికర్ర ఇక్కడే పడేసి పోయాడు."

లైల్ నిజం చెప్పడానికి అదే సమయం. "నేను... గుట్టల మీది రోడ్డున వచ్చాను" అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"అయితే ఇంకేంటి ఆలోచన? నువ్వే పో" అన్నాడు కర్ట్, వాళ్ళందరిలో చిన్నవాడు. "ఆ మలుపులు నీకు తెలిసినట్టు మాకు తెలీవు. నీ బండినందుకునే బండి కూడా లేదిక్కడ. పో లైల్, ముసలాయన తుంటి అసలే మంచిది కాదు."

అందరూ అతని వైపే చూస్తున్నారు. లైల్ బండెక్కి హ్యాండిల్ పట్టుకున్నాడు. ఎదురుగా తడి రోడ్డు నల్లగా మెరుస్తోంది. తన కోసం వెతుకుతూ ఆర్విడ్ ఆ రోడ్డులోనే ఉన్నాడు. వెళ్ళాలి. కానీ దిగి, పెట్రోలు కారుతోందేమో చూస్తానని కార్బ్యురేటర్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బాగానే ఉన్న గొట్టాన్ని మళ్ళీ మళ్ళీ నొక్కాడు.

అప్పుడే సుజుకీ చప్పుడు వినిపించింది.

ఆర్విడ్ నిలువునా తడిసిపోయి ఉన్నాడు. మీసాల మీద మంచు. బండి మీంచి దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. లైల్‌ను చూడగానే అరిచాడు.

"దొంగ వెధవా! ప్రతి గుంటలోకీ తొంగి చూశాన్రా. వంతెన కింద ఏదో నల్లగా కనిపిస్తే నువ్వేననుకుని దిగాను. చూస్తే టైరు." నవ్వబోయాడు గానీ పళ్ళు కొట్టుకుంటున్నాయి. "ఉండు, చేతులు చచ్చుబడిపోయాయి."

చలిలో బండి నడిపేవాళ్ళంతా చేసే పనే చేశాడు. చేతి తొడుగులు లాగేసి, లైల్ బండి ఇంజను పక్క మూత మీద రెండు అరచేతులూ ఆనించాడు. పొగ గొట్టం క్షణాల్లో కాలుతుంది. ఈ మూత అలా కాదు, లోపలి నూనె కాగితేనే వేడెక్కుతుంది, దానికి మైళ్ళ కొద్దీ నడిపి ఉండాలి.

ఆర్విడ్ చేతులు అక్కడే ఆగిపోయాయి. ఒకసారి మూత వైపు, ఒకసారి లైల్ ముఖం వైపు చూశాడు.

"వెచ్చగా ఉందా?" అని అడిగింది డోరీన్.

"మండిపోతోంది" అన్నాడు ఆర్విడ్. "గుట్టలు ఎక్కించి తెచ్చాడు కదా. వాడి బండి అంతే." నీలం తిరిగిన ఆ చేతుల్ని తీయలేదు. చల్లటి ఇనుము మీద నిజంగానే కాచుకుంటున్నట్టు అటూ ఇటూ తిప్పాడు.

తిట్టి ఉంటే లైల్ భరించేవాడు. ఇది భరించలేకపోయాడు. వంగి ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"తియ్యి ఆర్విడ్. చల్లగా ఉంది." ఆ తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు. "నేను వ్యానులో వచ్చాను. ప్రతి ఏడూ వ్యానులోనే వస్తున్నా. దాణా మిల్లు వెనకుంది. నువ్వు నాకోసం పోతుంటే ఆ చప్పుడు విన్నాను, దిగలేదు. అందులో హీటరుంది, పద."

ఆర్విడ్ అతని భుజం మీద బరువంతా వేసి కుంటుకుంటూ నడిచాడు. వాళ్ళు వెళ్తుంటే వెనక అందరూ చూస్తూ నిలబడ్డారు. కనీసం కర్ట్ అయినా నవ్వి ఉంటే బాగుండునని లైల్‌కు అనిపించింది.