ఎండకు నత్తి వచ్చిన పెట్టె

ఆ రోజుల్లో నాకు జుట్టూ ఎక్కువే, పంతమూ ఎక్కువే; ఇప్పుడు రెండోదే మిగిలింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సూరత్ ఉధ్నాలో, మరమగ్గాల మీద నేసిన గుడ్డను కొలిచే పెట్టెలు తయారుచేసే చిన్న కార్ఖానాలో పనిచేసేవాణ్ణి. పెట్టెలోని గోరంత చిప్పు ఆ కొలతను ఒకే తీగ మీద, అంకె వెంట అంకెగా, ఆఫీసు కంప్యూటరుకు పంపాలి. అందుకు పనికొచ్చే సీరియల్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము) రెడీమేడ్‌గా దొరికేది కాని, మా చిప్పులో పట్టేది కాదు. “బడా చిప్ లే లో, డైరీ సాబ్” అని పెద్ద చిప్పు కొనమన్నాడు మా యజమాని శేఠ్. (రోజూ డైరీ రాస్తానని ఆ పేరు తగిలించాడు.) “అవసరం లేదు, లైబ్రరీ నేనే రాస్తాను” అన్నాను. పై వారం శనివారం దాకా గడువిచ్చాడు. అప్పటికి కాకపోతే ముంబై నుంచి తయారైన పెట్టెలు తెప్పిస్తాడు, నేను మళ్ళీ రిపేరు బల్లకు.

మూడు రోజుల్లో రాశాను. ఏసీ గదిలో పెట్టె చిలకలా పలికింది. మగ్గాల షెడ్డులో మాత్రం వరసగా నాలుగు రోజులు, మధ్యాహ్నానికల్లా అంకెలకు బదులు పిచ్చి గుర్తులు! కరీంనగర్ నుంచి వచ్చిన నేత కార్మికుడు చూసి, “ఏంది సారూ, పొద్దుగాల మంచిగనే మాట్లాడె. గర్మీ కాంగనే మీ డబ్బకు నత్తొస్తుంది” అన్నాడు. “ప్రోగ్రాముకు ఎండ తగలదయ్యా!” అని కసిరాను.

ఇంటికెళ్ళి డైరీ తీశాను. (ప్రతి పేజీలో మొదటి వరుస ఆనాటి ఎండ, కింద ఆనాటి పని.) తప్పులు పెరిగినవన్నీ ఎండ ముదిరిన రోజులే! వేడికి చిప్పులోని గడియారం నడక మారి, కంప్యూటరుతో తాళం తప్పుతోంది. మర్నాడు ఏమీ ఎరగనట్టు, “మగ్గం వేగం తప్పితే ఏం చేస్తావు?” అని అతన్నే అడిగాను. “జరసేపు పక్క మగ్గం చప్పుడు ఇంట సారూ. గప్పుడు నాది గా చాల్‌కు, గా నడకకు కలుపుకుంట.”

అంతే. ముందుగా కంప్యూటరు ఒక అక్షరం పంపేట్టు, చిప్పు దాని నిడివి కొలిచి తన వేగం సరిచేసుకునేట్టు లైబ్రరీని తిరగరాశాను. శనివారం మిట్టమధ్యాహ్నం, శేఠ్ రుమాలుతో విసురుకుంటుండగా, ఒక్క అంకె తప్పలేదు. “చలో, ముంబై కేన్సిల్” అన్నాడు. “ప్రోగ్రాముకు ఎండ తగలదంటిరి గద సారూ?” అని వెనకనుంచి వినిపించింది. మగ్గాల మోతలో వినపడనట్టు నిలబడ్డాను.

ఆనాటి పేజీ చివర రాసుకున్నాను: ‘ఇకపై ఎవరితోనూ పంతం పట్టరాదు.’ మొన్న తిరగేస్తే, మర్నాటి పేజీ కొత్త పంతంతోనే మొదలైంది. నవ్వొచ్చింది, ఆ తీర్మానాన్ని కొట్టేయబుద్ధి మాత్రం కాలేదు.