రోదే అంటే రోడ్డే

ఎండని బెంగాలీలో రోద్ అంటారు. ఎండలో అనాలంటే రోదే. ఈ రెండక్షరాలూ మా ఇంట్లో చేసినంత పని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఆవిరి సుత్తి కూడా చేసి ఉండదు.

నా చదువు ఆరో తరగతి. ఆ తరవాత చదువుకి నా మీదా, నాకు చదువు మీదా ఒకే రకం అభిప్రాయం ఏర్పడి మర్యాదగా విడిపోయాం. వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేరాక తెలిసింది, నాకు వచ్చిన విద్య నవ్వించడం ఒక్కటే అని. మధ్యాహ్నం హూటర్ కూయగానే పదిమంది టిఫిన్ డబ్బాలు పట్టుకుని నా చుట్టూ చేరేవారు. ఫోర్‌మన్ నడక, టైంకీపర్ దగ్గు, ఏదైనా సరే చేసి చూపించేవాణ్ణి. సరుకు అయిపోయిన రోజు మాత్రం గుబులుగా ఉండేది. నవ్వించలేని రోజు నేనూ అందరిలాంటి ఖలాసీనే.

అరవైల మొదట్లో పెళ్లయింది. మేనమామ కూతురే. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి ఒక ట్రంకు పెట్టెతో న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో నా క్వార్టర్‌కి వచ్చింది. వీధి నిండా మన తెలుగువాళ్లే ఉన్నా ఆమె మనసు కలిసింది గోడ పక్క బెంగాలీ దీదీతో. మొదటి రోజే దీదీ గిన్నె నిండా మరమరాలు తెచ్చి ఇచ్చింది. ఈమెకి బెంగాలీ రాదు, ఆమెకి తెలుగు రాదు. ఇద్దరూ పిట్టగోడకి అటూ ఇటూ నిలబడి కనిపించిన ప్రతిదానికీ పేర్లు చెప్పుకునేవారు. ఈమె వంకాయ అంటే ఆమె బేగున్ అనేది. ఒకనాడు దీదీ తన పెరట్లో మొక్కని చూపించి గంధరాజ్ అంది. మా ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. అది ఆమెకీ గంధరాజమే! ఇన్ని మాటల్లో ఒక్కటి ఇద్దరిదీ అయింది.

ఆ ఆనందంలోనే దీదీ, వేరు తొడిగిన కొమ్మ ఒకటి కుండీలో పెట్టి ఇచ్చింది. ఇస్తూ, "ఘొరే రేఖో నా, రోదే రేఖో" అంది. ఇంట్లో పెట్టకు, ఎండలో పెట్టు అని. మా ఆవిడకి అర్థమైనది, ఇంట్లో వద్దు, రోడ్డు మీద పెట్టు.

మర్నాడు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి కుండీ రోడ్డు అంచున ఉంది. పక్కనే పీట వేసుకుని ఈవిడ మేకల్ని తోలుతోంది. ఏమిటిదంటే దీదీ చెప్పింది అంది. సంగతి విడమరిచి చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వింది. ఆ నవ్వే నాకు లైసెన్సు అనుకున్నాను. నవ్వడం అయ్యాక, "అయితే మాత్రం, ఎండ ఉన్నది రోడ్డు మీదే కదా" అంది.

అదీ నిజమే. మా వరండా ఉత్తరపు ముఖం, కప్పు బాగా కిందికి దిగి ఉండేది. పెరడు చూస్తే నాలుగడుగులు, చుట్టూ ఎత్తు గోడ. రోడ్డు అంచున మాత్రం పొద్దుటి నుంచి పదకొండు దాకా చక్కటి ఎండ, ఆ పైన ఎదుటి వేపచెట్టు నీడ. గంధరాజానికి కావలసింది సరిగ్గా అదేనని రైల్వే తోటలో పనిచేసే మాలీ ఒకాయన తరవాతెప్పుడో నాకు చెప్పాడు. పొరపాటు పడి కూడా ఆమె సరైన చోటే పెట్టింది. నేను ఆమె మాటని అన్నీ తెలిసే తప్పు చోట పెట్టాను.

రెండో వేసవికి మొక్క మొగ్గ తొడిగింది. మా ఆవిడ మొదటి పువ్వు తీసుకెళ్లి దీదీ ముడిలో పెట్టి వచ్చింది. అప్పటికి చేపలవాడితో బెంగాలీలోనే బేరమాడుతోంది. కుండీ దగ్గర కూర్చుంటే దారిన పోయేవాళ్లు పలకరించేవారు, ఈమె జవాబు చెప్పేది. అలా వీధంతా ఆమెకి తెలిసిపోయింది.

ఇక నా సంగతి. రోడ్డు జోకు కేంటీన్‌లో మొదటి రోజే పేలింది. పీట ఎలా వేసుకుంది, మేకని ఎలా అదిలించింది, సైకిల్ వాడికి పక్కనుంచి పొమ్మని చెయ్యి ఎలా ఊపింది, అంతా ఆమె గొంతుతోనే చేసి చూపించాను. ఆమెకి రోడ్డొదిన అని పేరు పడింది. గేటు దగ్గర ఎవరు ఎదురైనా, "ఏటి గురూ, రోడ్డొదిన కబుర్లేటి?" అనేవారు. నాకు గర్వంగానే ఉండేది.

ఏ జోకైనా నాలుగు సార్లకి చప్పబడుతుంది. అప్పుడు కాస్త ఉప్పు వెయ్యాలి. నేను వేశాను. రేపు నన్నూ రోడ్డు మీదే పెడుతుందన్నాను. అదీ పాతబడింది. ఒకరోజు ఎవరూ సరిగా నవ్వడం లేదు. మొక్క పూసిందా అని ఒకడు అడిగాడు. "రోడ్డు మీద ఎడితే మొక్కేటి, ఆడదైనా పూస్తాది" అన్నాను. డబ్బాలు కింద పెట్టి మరీ నవ్వారు. నా జీవితంలో అంత పెద్ద నవ్వు ముందు లేదు, తరవాతా లేదు.

ఆ మాట వర్క్‌షాప్ గేటు దాటి, క్వార్టర్లు తిరిగి, గుళ్లో భజన అయ్యాక ప్రసాదం పంచే చోట మా ఆవిడని చేరింది. ఎవరో ఒకావిడ నవ్వుతూ ఆమె ముందే అందట. ఇంటికి వచ్చి చెప్పులు విప్పి, నా ముందు నిలబడింది.

"రోడ్డు మాట నాను పడ్డాను, నవ్వినాను. ఆడది అన్న మాట ఎవలు కలిపినారు బావా?"

కేంటీన్‌లో ఎవడో కలిపాడని చెప్పాను. ఎవడని అడిగితే ఎవరి పేరు చెప్పాలా అని కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఆమె అడగలేదు.

"ఉప్పెవలేసినారో తిన్నోలికి తెలస్తాది" అని లోపలికి పోయి అన్నం వడ్డించింది.

మర్నాడు కుండీ బయటికి రాలేదు. వంటగది మూల, పొయ్యి వెనక పెట్టింది. అక్కడ పగలు కూడా దీపం లేకపోతే బియ్యంలో రాయి కనపడదు. వారం తిరక్కుండా మొగ్గలు పసుపెక్కి విప్పకుండానే రాలిపోయాయి. ఆమె కూడా పిట్టగోడ దగ్గరికి పోవడం మానేసింది. చేపలవాణ్ణి నేనే పిలవాల్సి వచ్చేది. దీదీ రెండు మూడు సార్లు తలుపు దగ్గరికి వచ్చింది. ఈమె తల ఊపేది, మాట లేదు. ఆ భాషలో నోరు తెరిస్తే మళ్లీ ఏ మాట ఏమవుతుందో అనే భయం కావచ్చు. నేనెప్పుడూ అడగలేదు.

దీదీ చివరికి నన్ను దారిలో ఆపి, నా వల్ల తప్పేమైనా జరిగిందా దాదా అని అడిగింది. నిజం చెప్పాలంటే ఆ జోకు మొదటి నుంచి చెప్పాలి. బెంగాలీలో అది జోకే కాదు. ఎండలో పెట్టమంటే ఎండలో పెట్టిందన్నట్టు ఉంటుంది. ఒంట్లో బాగుండటం లేదని చెప్పి సైకిలెక్కాను. అది రెండో అబద్ధం.

తరవాత నాకు బుద్ధి వచ్చి, డ్యూటీకి పోయే ముందు కుండీని నేనే మోసుకెళ్లి రోడ్డు అంచున పెట్టడం మొదలుపెట్టాను. సాయంత్రం వచ్చేసరికి అది పొయ్యి వెనక ఉండేది. మళ్లీ పెట్టేవాణ్ణి, మళ్లీ లోపలికి వచ్చేది. మాలీని అడిగితే, ఒక పూట ఎండలో, ఒక పూట చీకట్లో ఇలా తిప్పితే ఆ జాతి మొగ్గ నిలవదు, ఎక్కడో ఒకచోట ఉండనివ్వు అన్నాడు. నేను మోయడం మానేశాను. మొక్క చావలేదు. తలుపు సందులోంచి పడే వెలుతురుకే ఆకులేసుకుని, పువ్వు లేకుండా మా ఇంట్లో ఎనిమిదేళ్లు బతికింది.

డెబ్బైల్లో దీదీ భర్త రిటైరయ్యాడు. వాళ్లు సొంతూరు వెళ్లిపోతున్న రోజు రిక్షా మీద సామాను కట్టాక, దీదీ మా గుమ్మం దగ్గరికి వచ్చి మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. మొక్క పూలు పూస్తోందా అని అడిగింది. ఆ ప్రశ్న నేను మా ఆవిడకి తెలుగులో చెప్పబోయాను. మా ఆవిడ చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లింది. గోడ అవతలి మాటలు ఎనిమిదేళ్లుగా వింటున్న మనిషికి నా తెలుగు అవసరం లేదు. కుండీ తెచ్చి, రిక్షా ఎక్కిన దీదీ ఒళ్లో పెట్టింది.

దీదీ ఆకులు నిమిరి, కళ్లు తుడుచుకుని, "రోదే రాఖ్‌బో" అంది. ఎండలో పెట్టుకుంటాను అని.

మా ఆవిడ ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగింది.

"రోడ్డు మీద ఎట్టుకుంటాదట బావా" అంది. "నవ్వు."