చ్యూస్

కొలోన్‌లో కొడుకింటికి వచ్చిన కనకయ్యకు బొత్తిగా గిట్టని జర్మన్ మాట ఒకటుంది, చ్యూస్. ఎవరు గడప దాటినా ఆ ముక్క మొహాన కొట్టి పోతారు. "పోయొస్త అనాలె బిడ్డా! మళ్ల వచ్చేటోళ్లు గట్లనే అంటరు," అని మనుమరాలు అక్షయ మీద రోజూ కేకలేసేవాడు. ఆయన్ని ఉడికించడానికే భార్య రాజవ్వ ఆ మాట నేర్చుకుంది.

ఒకనాడు ఆసుపత్రిలో తన మంచాన్ని ఆపరేషన్ గదిలోకి తోసుకుపోతుంటే రాజవ్వ ఆయన వైపు చెయ్యూపి, నవ్వుతూ "చ్యూస్" అంది. మళ్లీ రాలేదు.

పోయొస్త అనుంటే తిరిగొచ్చేదేమోనని కనకయ్య ఆ మాటను తిట్టని రోజు లేదు. ఒకనాడు అక్షయ బడి నుంచి వచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, అది దేవుడి మాటేనంట. లాటిన్‌లో 'దేవుడి దగ్గరికి' అని. ఫ్రెంచ్‌లో అదియూ అయింది, స్పానిష్‌లో అదియోస్ అయింది. ఇక్కడికొచ్చేసరికి అరిగి అరిగి చ్యూస్ మిగిలింది. అందులో దేవుడున్నాడని ఇప్పుడెవరికీ గుర్తులేదు."



"మందికి అరిగిందేమో బిడ్డా," అన్నాడు కనకయ్య. "మీ నానమ్మ నిండుగనే అన్నది."